పాత హాట్ రాడ్ వాల్వ్ కవర్లు: అపోహలు – వాస్తవాలు

వేగం కోసం మార్చి కట్టిన పాత అమెరికన్ కార్లే హాట్ రాడ్లు. వాటిలో చాలావాటికి బానెట్ ఉండదు. ఉన్నా పక్క రేకులు తీసేసి తిప్పుతారు. ఇంజన్ మొత్తం బయటికే కనిపిస్తుంది కాబట్టి చూసేవాళ్ల కళ్లు ముందు పడేది వీ8 (వీ ఆకారంలో 8 సిలిండర్లు ఉన్న ఇంజన్)కి రెండు వైపులా ఉండే వాల్వ్ కవర్ల మీదే. మన వైపు మెకానిక్కులు టాపెట్ కవర్ అనేది దీన్నే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దక్షిణ కాలిఫోర్నియాలో ఆఫెన్‌హౌజర్, ఎడెల్‌బ్రాక్, వైయాండ్, ఆ తర్వాత మూన్, కాల్ కస్టమ్, మిక్కీ థాంప్సన్ లాంటి పేర్లతో అల్యూమినియం పోత కవర్లు బజారులోకి వచ్చాయి. ఇవాళ కాలిఫోర్నియాలోని పొమోనా స్వాప్ మీట్‌లో (పాత కార్ల భాగాల సంతలో) వాటి కోసం తెల్లవారకముందే టార్చ్‌లైట్లు పట్టుకుని తిరుగుతారు.

నా పని పాత అమెరికన్ వీ8లు విప్పి కట్టడం. అమెరికాలో స్థిరపడి, గరాజ్‌లో ఒక పాత ఫోర్డో చెవీయో పెట్టుకున్న తెలుగువాళ్లు కూడా ఈమధ్య ఫోన్ చేస్తున్నారు. అందరూ మొదట అడిగేది "ఇది ఒరిజినలేనా?" అని. నేను మాత్రం "మీ హెడ్ ఏ ఏడాదిది?" అనే మొదలుపెడతాను, కవరు కూర్చునేది సిలిండర్ల పైనుండే ఆ హెడ్ మీదే కాబట్టి. కవరు ఎంత అరుదైనదైనా దాని మొదటి పని మూతగా ఉండటం. ఆ పని చేయలేనిది గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

అపోహ: స్మాల్ బ్లాక్ చెవీ అంటే అన్నీ ఒకటే, ఏ ఏడాది కవరైనా కూర్చుంటుంది

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. చెవ్రొలే (చెవీ) వారి చిన్న వీ8 అయిన స్మాల్ బ్లాక్ 1955లో 265 క్యూబిక్ అంగుళాల సైజుతో వచ్చింది. అప్పటి నుంచి 1959 దాకా హెడ్ మీద పై రెండు బోల్టులూ కింది రెండు బోల్టులకి ఎదురుగా ఉండవు, పక్కకి జరిగి ఉంటాయి. 1960 నుంచి 1986 దాకా పైదీ కిందిదీ సరిగ్గా ఎదురెదురు. 1987 నుంచి బోల్టులు అంచు వదిలేసి కవరు మధ్యకి వచ్చేశాయి. చెవ్రొలే స్పోర్ట్స్ కారు కార్వెట్ పేరు పోతలోనే ఉన్న రెక్కల కవర్లలో మొదటి రకం రంధ్రాలవీ ఉన్నాయి, రెండో రకానివీ ఉన్నాయి. అమ్మేవాడు పెట్టే అందమైన ఫోటోలో ఆ తేడా కళ్లకు ఆనదు. కింది వైపు ఫోటో అడగండి, రంధ్రాల మధ్య స్కేలు పెట్టి చూపించమనండి. చూపించనంటే ఆ బేరం వదిలేయండి.

కొత్తగా వచ్చే అల్యూమినియం హెడ్లలో చాలావాటికి అంచు బోల్టులకీ మధ్య బోల్టులకీ రెండింటికీ రంధ్రాలు ఉంటాయి. 1987 తర్వాతి హెడ్ మీద పాత కవరు పెట్టుకోవడానికి అడాప్టర్లు కూడా దొరుకుతాయి. వాటితో కవరు ఎత్తు పెరుగుతుంది, ఆయిల్ కారడానికి ఇంకో జాయింట్ తయారవుతుంది. తప్పనిసరైతేనే వాడండి.

ఫోర్డ్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇంజన్ పేర్లలోని అంకెలు క్యూబిక్ అంగుళాల్లో సైజులు. 289, 302, 351 విండ్సర్‌లకి ఒక్కో కవరుకి 6 బోల్టులు. అదే 351 అయినా క్లీవ్‌లాండ్‌కి 8. 1954లో వచ్చిన వై-బ్లాక్‌కి అంచున బోల్టులే ఉండవు, నడినెత్తిన రెండు చోట్ల బిగించాలి. 1958లో మొదలైన ఎఫ్‌ఈ కుటుంబం (352, 390, 427, 428) మరీ ప్రత్యేకం. దాని కవరు కొంత హెడ్ మీద, కొంత ఇంటేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి, పెట్రోలు పంచే భాగం) మీద కూర్చుంటుంది. మానిఫోల్డ్ ఒక వెంట్రుక మందం పైకో కిందికో ఉన్నా ఆ అతుకు దగ్గర ఆయిల్ కారుతుంది. అందరూ కవరుని తిడతారు, తప్పు మానిఫోల్డ్‌ది. ఎఫ్‌ఈకి కవర్లు కొనేముందు మానిఫోల్డ్ బిగించి, ఆ రెండూ కలిసే చోట స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకర లేని లోహపు పట్టీ) పెట్టి చూడాల్సిందే.

చెవీ 348, 409లకి కవరు అంచు ఇంగ్లిష్ డబ్ల్యూ ఆకారంలో వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి వాటిని పొరబడే ప్రమాదం లేదు. హెమీల (అర్ధగోళాకారపు దహన గది ఉన్న ఇంజన్ల) దగ్గర ఉంది. 1951 క్రైస్లర్ ఫైర్‌పవర్‌లో స్పార్క్ ప్లగ్గులు కవరు మధ్యలోంచి, గొట్టాల ద్వారా దిగుతాయి. ఆ ఏర్పాటే డీసోటోలోనూ, డాడ్జ్‌లోనూ ఉంటుంది, చూడటానికి మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ సిలిండర్ల మధ్య దూరమే వేరు కాబట్టి ఒకదాని కవరు ఇంకోదానికి పడదు. "పాత హెమీ కవర్లు" అని మాత్రమే రాసి అమ్ముతుంటే ఏ కంపెనీ ఇంజన్‌దో తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

అపోహ: నాది ఫ్లాట్‌హెడ్, దానికి తగ్గ పాత వాల్వ్ కవర్లు ఎక్కడైనా దొరుకుతాయి

దొరకవు, ఎందుకంటే లేవు. 1932 నుంచి అమెరికాలో 1953 దాకా తయారైన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8లో వాల్వులు బ్లాక్‌లోనే ఉంటాయి, హెడ్ ఒక పలక మాత్రమే. రెక్కలతో మెరిసే ఆఫెన్‌హౌజర్, ఎడెల్‌బ్రాక్ ముక్కలు ఫ్లాట్‌హెడ్ మీద కనిపిస్తే అవి హెడ్లు. మినహాయింపు ఆర్డన్ హెడ్లు. తర్వాత కార్వెట్‌కి పేరు తెచ్చిన జోరా ఆర్కస్-డంటోవ్ 1940ల చివర్లో చేసిన ఈ హెడ్లతో వాల్వులు పైకి వస్తాయి, వాటికి కవర్లు ఉంటాయి.

అపోహ: మచ్చలూ మసీ ఉంటే అసలైనది, మెరిస్తే నకిలీ

ముసలితనం తెప్పించడం చాలా తేలిక. ఆరుబయట పడేసినా, కొంచెం యాసిడ్ పూసినా కొత్త అల్యూమినియం నెలల్లో పాతదైపోతుంది. రంగు చూసి తీర్పు చెప్పకండి, కొలత తీయండి.

కారణం పోతలోనే ఉంది. కరిగిన అల్యూమినియం చల్లారి గట్టిపడేటప్పుడు సుమారు 1.3 శాతం కుంచించుకుపోతుంది. అందుకే నమూనా చేసేవాళ్లు దాన్ని ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. కాపీ కొట్టేవాళ్లలో కొందరు ఆ కష్టం పడరు. అసలు కవరునే ఇసుకలో నొక్కి అచ్చు తీస్తారు. అప్పుడు 18 అంగుళాల కవరు దాదాపు పావు అంగుళం పొట్టిదై పుడుతుంది. బోల్టు రంధ్రాలు తర్వాత డ్రిల్ చేసేవి కాబట్టి అవి సరిగానే ఉండొచ్చు. రంధ్రం చుట్టూ ఉండే బొడిపె మాత్రం రంధ్రానికి మధ్యలో ఉండదు, ఒక పక్కకి జరిగి కనిపిస్తుంది. నేను ముందు చూసేది ఆ బొడిపెనే. ఆ తర్వాత అక్షరాలు. అసలు పోతలో అక్షరాల అంచులు నిక్కచ్చిగా ఉంటాయి, పోత మీద పోత పోసినదానిలో కరిగిన సబ్బు మీది అక్షరాల్లా గుండ్రబడిపోతాయి. రెక్కల అడుగున, ఎవరూ పాలిష్ చేయని చోట, ఇసుక గరుకు కూడా చూడండి.

ఇందుకే దొరికిన పాత కవరుని వెంటనే బఫింగ్‌కి ఇవ్వొద్దని ప్రాధేయపడతాను. బఫింగ్ చక్రం కింద అక్షరాల అంచులు పోతాయి, గరుకు పోతుంది. అది అసలైనదని చెప్పే ఆనవాళ్లను మన డబ్బుతో మనమే చెరిపేసినట్టవుతుంది. రెక్కల పైఅంచులు చేత్తో, మెత్తటి ఎమరీ కాగితంతో తళుక్కుమనిపించి మిగతాది వదిలేస్తే చాలు.

అపోహ: రెక్కలు ఇంజన్‌ని చల్లబరుస్తాయి

ఎయిర్ కూల్డ్ బైకు సిలిండర్ మీది రెక్కలు నిజంగానే చల్లబరుస్తాయి, మంట మండేది దాని వెనకే కాబట్టి. వాల్వ్ కవరు వెనక ఉండేది చిలికిపడే ఆయిల్ మాత్రమే. ఇంజన్ వేడిలో ఎక్కువ భాగం రేడియేటర్ దారిలోనూ, ఎగ్జాస్ట్ దారిలోనూ పోతుంది. రెక్కలు అందానికే. మందపాటి పోత వల్ల టాపెట్ల చప్పుడు కొంత తగ్గుతుంది, అది మాత్రం రేకు కవరు ఇవ్వలేని లాభం.

అపోహ: బ్రీదర్ రంధ్రం లేకపోతే డ్రిల్ చేయించుకుంటే సరిపోతుంది

దయచేసి వద్దు. బ్రీదర్ అంటే ఇంజన్ ఊపిరి తీసుకునే దారి. పాత కవర్లకి రంధ్రం లేకపోవడం లోపం కాదు, అప్పటి ఇంజన్‌కి ఆ అవసరం లేదు. తొలి స్మాల్ బ్లాక్ చెవీలలో ఆయిల్ పోసే గొట్టం ఇంటేక్ మానిఫోల్డ్ ముందు భాగంలో ఉండేది, బ్రీదర్ మూత దాని మీదే. లోపలి ఆవిరి బ్లాక్ వెనక రంధ్రం నుంచి ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదికి పోయేది. తర్వాత పొగ నిబంధనలు వచ్చి ఆ ఆవిరిని మళ్లీ ఇంజన్‌లోకే పంపే పీసీవీ వాల్వ్ పెట్టారు. 1960ల చివరికి ఆయిల్ మూత కవరు మీదికి మారింది.

ఇవాళ మనం చేసేదేమిటంటే, కొత్త బ్లాక్, గొట్టం లేని కొత్త మానిఫోల్డ్ కొని, వాటి మీద 1950ల కవరు పెడతాం. ఇంజన్‌కి ఊపిరి తీసుకునే దారే ఉండదు. పిస్టన్ రింగుల పక్కనుంచి దిగే గాలి లోపల ఒత్తిడి పెంచి, దొరికిన ప్రతి గ్యాస్కెట్ నుంచీ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. దీనికి మందు ముందు గొట్టం ఉన్న మానిఫోల్డ్. అవి పాతవీ దొరుకుతాయి, కొత్తవీ దొరుకుతాయి. బ్లాక్ 1967 లోపుదైతే వెనక రంధ్రం కూడా ఉపయోగపడుతుంది, పీసీవీని కనబడకుండా అక్కడి నుంచి నడపొచ్చు.

అరుదైన కవరుకి ఒకసారి డ్రిల్ పడితే దాని విలువ ఆ పూటే పడిపోతుంది. పైగా పీసీవీ రంధ్రం కింద ఆయిల్‌ని ఆపే బాఫిల్ రేకు లేకపోతే అది ఆవిరితోపాటు ఆయిల్‌నీ పీల్చి సైలెన్సర్ నుంచి నీలం పొగ వదులుతుంది. ఎవరో ఎప్పుడో రంధ్రం చేసిన కవరు తక్కువకి దొరికితే, నడిపే కారుకి అదే మంచి కొనుగోలు.

అపోహ: ఇంజన్ బ్లాక్‌తోపాటే హాట్ ట్యాంకులో వేస్తే కవర్లూ శుభ్రపడతాయి

ఇనప బ్లాకులు ఉడకబెట్టే ట్యాంకుల్లో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అది అల్యూమినియాన్ని తినేస్తుంది. నల్లబడి, గుంటలు పడి బయటికొచ్చిన కవరుని ఏ పాలిషూ బాగుచేయలేదు. కిరసనాయిల్, మెత్తటి బ్రష్, గోరువెచ్చని సబ్బునీళ్లు. అంతకు మించి అక్కర్లేదు.

గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ చేయిస్తే లోపలి బాఫిల్ రేకు ముందు ఊడదీయండి. ఆ రేకు వెనక ఇరుక్కున్న గాజు పొడి ఎంత కడిగినా పోదు. ఇంజన్ వేడెక్కాక ఆయిల్‌తో కలిసి దిగి బేరింగులను గీకేస్తుంది. కవరు మెరిసిందని మురిసేలోపు ఇంజన్ మళ్లీ విప్పాల్సి వస్తుంది.

అపోహ: ఆయిల్ కారితే బోల్టు ఇంకో చుట్టు బిగించాలి

రేకు కవరుకి ఇదే శత్రువు. స్మాల్ బ్లాక్ చెవీలో ఇవి పావు అంగుళం బోల్టులు, 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగిస్తే చాలు, అంటే రెండు వేళ్లతో తిప్పే బలం. ఇంకా తిప్పితే బోల్టు దగ్గర అంచు కిందికి నొక్కుకుపోయి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. కారేది అక్కడే. కారి పడేది ఎగ్జాస్ట్ హెడర్ మీద, అంటే పొగతో ఆగకుండా మంట కూడా రావచ్చు. వంగిన రేకు అంచుని చెక్క దిమ్మె మీద పెట్టి మెల్లగా తట్టి సరిచేయొచ్చు. పోత కవరైతే మందపాటి గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి అంచుని రుద్దితే ఎక్కడ తగలడం లేదో వెంటనే కనిపిస్తుంది. గ్యాస్కెట్ విషయంలో నా ఓటు లోపల ఉక్కు రేకు ఉన్న రబ్బరుకే. కార్క్ చవక, కానీ ఎండి పగులుతుంది.

అపోహ: అరుదైనదంటే నాణ్యమైనదే

1955, 1956 రెండేళ్లు మాత్రమే వచ్చిన ప్యాకర్డ్ వీ8 కవర్లు అరుదు, కారణం ఆ ఇంజన్ ఎక్కువ కాలం లేకపోవడం. కాల్ కస్టమ్ కవర్లు ఆ రోజుల్లో కుర్రాళ్లు జేబు డబ్బులతో కొనుక్కున్న చవక సరుకు, ఇవాళ సేకరించేవాళ్లకి ముద్దు. రెండు సందర్భాల్లోనూ పోత నాణ్యత వేరే ప్రశ్న.

ఎత్తు కూడా చూడాలి. పాత కవర్లు అప్పటి రాకర్ ఆర్మ్‌ల (వాల్వులను నొక్కే మీటల) కోసం చేసినవి. రోలర్ రాకర్లు, పొడవైన స్టడ్లు వేసిన ఇంజన్ మీద లోపల తగులుతాయి. పిల్లలు ఆడుకునే మైనపు మట్టి కవరు లోపల అక్కడక్కడా అంటించి, గ్యాస్కెట్‌తో బిగించి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి విప్పండి. మట్టి ఎక్కడ పలచబడిందో అక్కడే ఇబ్బంది.

అపోహ: తేలికగా ఉంది కాబట్టి పలచటి అల్యూమినియం

మెగ్నీషియం కావచ్చు. రేసుల కోసం అలాంటివి పోశారు, అల్యూమినియంలో మూడింట రెండొంతుల బరువే ఉంటుంది. లోపలి వైపు కనబడని చోట శుభ్రంగా గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియమైతే బుసబుస పొంగుతుంది, అల్యూమినియం కదలదు. మెగ్నీషియం అని తేలితే గ్రైండర్ దగ్గరికి తీసుకెళ్లకండి. దాని పొడి అంటుకుంటుంది, నీళ్లు పోస్తే ఇంకా మండుతుంది.

అపోహ: కొత్తగా పోసిన కవరు పెడితే అది నిజమైన హాట్ రాడ్ కాదు

హాట్ రాడ్లు పుట్టిందే చేతికి అందిన భాగాలతో. కాలిఫోర్నియాలోని ఎల్ మిరాజ్ ఎండు సరస్సు మీద పరుగెత్తిన కుర్రాళ్లు వేగం కోసం పాత సామాన్ల షెడ్డుల్లో వెతుక్కున్నారు. మూన్‌ఐస్ ఇప్పటికీ మూన్ కవర్లు అమ్ముతోంది, ఎడెల్‌బ్రాక్ పాత తరహా రెక్కల కవర్లు చేస్తోంది. రోజూ నడిపే కారుకి నేను వాటినే సిఫారసు చేస్తాను. అసలైన పాత జత దొరికితే ప్రదర్శన రోజున పెట్టుకోండి. ఒక్క షరతు: కారు అమ్మేటప్పుడు ఏది పాతదో ఏది కొత్తదో కాగితం మీద రాసి ఇవ్వండి. రేపు కొనేవాడు హెడ్ ఏడాది, కవరు ఏడాది రెండూ అడుగుతాడు.