తెలుగు క్రైస్తవ సంఘం, తెలుగు సంస్కృతి: అపోహలు, వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా పాస్టర్‌గా ఉన్నాను. ఈమధ్య పల్లెల్లో కొత్తగా సేవ మొదలుపెట్టే యువకులకు తరగతులు కూడా చెబుతున్నాను. వాక్యం గురించి వాళ్లు అడిగే ప్రశ్నల కంటే తాళి, పాడె, డప్పు, పేర్ల గురించి అడిగేవే ఎక్కువ. సంఘంలో చాలా గొడవలు మొదలయ్యేదీ వీటి దగ్గరే. అందుకే నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: క్రైస్తవ్యాన్ని దొరలు తెచ్చి ఇచ్చారు, మనవాళ్లు ఊరికే పుచ్చుకున్నారు.

వాస్తవం: దొరలు వచ్చిన మాట నిజమే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు విశాఖపట్నం చేరారు. అయితే సువార్తలను తెలుగు చేసేటప్పుడు వాళ్ల పక్కన కూర్చుని పనిచేసినవాడు ఆనందరాయర్, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రీస్తును నమ్మి వచ్చినవాడు. ఆ సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఒంగోలు ప్రాంతం సంగతి చూడండి. 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోలు పని చేసుకునే మాదిగ కుటుంబీకుడు. అంతకుముందే రాజయోగం సాధన చేసి, గురువుల దగ్గర కూర్చుని, సత్యం కోసం వెతికిన మనిషి. ఆయన ఊరూరా తిరిగి బంధువుల అరుగుల మీద కూర్చుని చెప్పిన మాటలే ముందు వెళ్లాయి, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర తర్వాత వెళ్లాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దాన్ని కరువులో గంజి కోసం జరిగిన మార్పిడి అని కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. బకింగ్‌హాం కాలువ దగ్గర కరువు పనులు నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు.

అపోహ: డప్పు, తాళాలు, రాగాలు హిందువులవి. మన మందిరంలో కీబోర్డు, గిటారే ఉండాలి.

వాస్తవం: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తం చౌదరి గారు తనకు తెలిసిన కీర్తన పద్ధతిలోనే ప్రభువును పాడారు. మా సంఘంలో ఒక అవ్వ ఉండేది. అక్షరం ముక్క రాదు. అయినా ఆయన కీర్తనలు పదీ పన్నెండు చివరి చరణం దాకా కంఠతా వచ్చు. తాళాలు చేతికిస్తే కళ్లు మూసుకునేది. పల్లవికి తిరిగొచ్చిన ప్రతిసారీ కాలి బొటనవేలు చాప మీద తట్టేది. నేను చెప్పిన ఏ ప్రసంగమూ ఆమెకు అంత గుర్తుండి ఉండదు.

డప్పు విషయం మాత్రం ఇంత తేలిక కాదు. పట్నం నుంచి వచ్చే కొందరు "మన సంస్కృతి" అంటూ పల్లె సంఘాల్లో డప్పు పెట్టించాలని చూస్తారు. ఒక పెద్దాయన నాతో అన్నాడు: "అయ్యగారూ, మా తాత ఊళ్లో ప్రతి చావుకీ, ప్రతి జాతరకీ పిలిస్తే పోయి డప్పు కొట్టాల్సిందే. కొట్టనంటే బతకనిచ్చేవాళ్లు కాదు. ఇక్కడన్నా అది వద్దు." ఆ మాట విన్నాక నేను డప్పు గురించి పాఠం చెప్పలేకపోయాను. అదే ఊరికి పది మైళ్ల అవతల కుర్రాళ్లు క్రిస్మస్‌కి డప్పు మీదే పాడతారు, అది తమ ఆత్మగౌరవం అంటారు. ఇద్దరిదీ న్యాయమే. ఒక వాయిద్యం ఎవరికి గాయమో, ఎవరికి గర్వమో ఆ సంఘాన్నే అడగాలి. బయటివాళ్లు తీర్పు చెప్పకూడదు.

అపోహ: నమ్మినవాళ్లు పేరు మార్చుకోవాలి.

వాస్తవం: బైబిల్లో ఎక్కడా అలా లేదు. రోమా పత్రికలో పౌలు సిఫారసు చేసిన ఫీబే పేరు గ్రీకు దేవతల కథల్లోది. అపొల్లో పేరులో అపోలో దేవుడున్నాడు, ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదీతె దేవత ఉంది. వాళ్లెవరి పేరూ పౌలు మార్చలేదు. ఇష్టంగా మార్చుకుంటే మంచిదే. అమ్మ పెట్టిన లక్ష్మి అనే పేరు విశ్వాసానికి అడ్డం అని ఏ పిల్లకూ చెప్పకండి.

అపోహ: మంగళసూత్రం అన్యాచారం, తెల్లబట్టలు క్రైస్తవ ఆచారం.

వాస్తవం: తెల్ల గౌను బైబిల్లోది కాదు. 1840లో విక్టోరియా రాణి పెళ్లిలో వేసుకున్నాక అది ప్రచారంలోకి వచ్చింది. మన పల్లెల్లో తెల్లచీర ఒకప్పుడు వితంతువుకి గుర్తు. ఉంగరం పరాయిది కానప్పుడు తాళి పరాయిది ఎలా అవుతుంది? సిలువ గుర్తుతో తాళి కట్టించే సంఘాలు చాలా ఉన్నాయి, వద్దనే సంఘాలూ ఉన్నాయి. నేను కట్టిస్తాను. వద్దని మనస్సాక్షి చెప్పినవాళ్లను బలవంతపెట్టను.

మందిరం కట్టుబడి విషయంలోనూ అంతే. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ గోతిక్ శైలిలో ఉంటుంది. 1939లో డోర్నకల్‌లో బిషప్ అజరయ్య ప్రతిష్ఠించిన కెథడ్రల్‌లో హిందూ గుళ్లో కనిపించేలాంటి స్తంభాలూ ఉన్నాయి, మసీదును తలపించే గుమ్మటాలూ ఉన్నాయి. రెండింటిలోనూ మోకాళ్లూనేది మన తెలుగువాళ్లే.

అపోహ: హిందువులైన తల్లిదండ్రులు చనిపోతే విశ్వాసి దూరంగా నిలబడాలి.

వాస్తవం: ఈ విషయంలో నేనే తప్పు చేశాను. సేవకు వచ్చిన కొత్తలో ఒక అబ్బాయి పరుగున వచ్చి, "నాన్న పోయాడు అయ్యగారూ, పాడె మోయొచ్చా?" అని అడిగాడు. వద్దు, దూరంగా ఉండి ప్రార్థన చేసుకో అన్నాను. వాడు అలాగే వేపచెట్టు కింద నిలబడ్డాడు. పాడె కదిలేటప్పుడు వాళ్లమ్మ వెనక్కి తిరిగి కొడుకును చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. తర్వాత చాలా ఏళ్లు ఆ ఇంటి గడపలోకి సువార్త మాట వెళ్లలేదు. వాళ్ల గుమ్మం మూసింది ఆమె కాదు, నేను.

ఆదికాండం చివరి అధ్యాయం అప్పటికి చాలాసార్లు చదివి ఉన్నాను, కానీ ఇలా చదవలేదు. యాకోబు చనిపోతే యోసేపు ఐగుప్తు వైద్యులతో సుగంధద్రవ్యాలు వేయించాడు. దానికి 40 రోజులు పట్టింది. ఐగుప్తీయులు 70 రోజులు దుఃఖించారు. యోసేపు ఆ దేశపు పద్ధతిలో తండ్రిని గౌరవించాడు, తన దేవుణ్ణి వదల్లేదు. ఇప్పుడు నేను ఇలా చెబుతాను: పాడె మోయి, గట్టిగా ఏడు, అమ్మ పక్కన కూర్చో, ఖర్చులో నీ వాటా అందరికంటే ముందు ఇవ్వు. ఏ తంతు నీవల్ల కాదో పెద్దలకు శవం లేవకముందే మెల్లగా చెప్పు, అందరి ముందూ శ్మశానంలో గొడవ పెట్టుకోవద్దు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర నీళ్లందించేది నువ్వే కావాలి.

అపోహ: సంస్కృతిని గౌరవించడమంటే ఊరి పద్ధతులన్నీ ఒప్పుకోవడం.

వాస్తవం: కాదు. పైన రాసినవన్నీ చదివి ఎవరైనా అలా అనుకుంటే నాకు బాధ కలుగుతుంది. కులం కూడా ఊరి పద్ధతే. అంతియొకయలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ తింటూ, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే పక్కకు జరిగాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. పంక్తి భోజనం చిన్న విషయమని పౌలు అనుకోలేదు.

నేను చూసుకునే ఒక సంఘంలో ఒక కులంవాళ్లు ముందు చాపల మీద, ఇంకో కులంవాళ్లు తలుపు దగ్గర కూర్చునేవారు. ఇద్దరూ ఊరి దృష్టిలో వాడవాళ్లే. అడిగితే ఒక పెద్ద, "ఇది మొదట్నుంచీ మా పద్ధతి అయ్యగారూ" అన్నాడు. మూడు నెలలు ఇంటింటికీ వెళ్లి మాట్లాడాను. తర్వాత వచ్చిన ప్రభు బల్ల రోజున రొట్టె పళ్లెం తలుపు దగ్గరి వరుస నుంచి మొదలుపెట్టాను. ముందు వరుసలోంచి రెండు కుటుంబాలు లేచి వెళ్లిపోయాయి. ఒక కుటుంబం ఈస్టర్‌కి తిరిగొచ్చి తలుపు దగ్గరే కూర్చుంది. ఇంకొక కుటుంబం కోసం ఇప్పటికీ ప్రతి శనివారం వాళ్లింటికి వెళ్తున్నాను.