శిస్తు పోయింది, ఇంటి పన్ను మిగిలింది

ఏప్రిల్ వచ్చిందంటే నల్లగొండ గల్లీల్లో, మహబూబ్‌నగర్ గల్లీల్లో మైకు కట్టిన ఆటో తిరుగుతుంది. 30వ తారీఖులోపు ఈ ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. బాకీ పడితే నెలకు 2 శాతం వడ్డీ. బిల్ కలెక్టర్ గడపలోకి వస్తే పంచాయితీ ఖాయం: "మా గల్లీకి మోరీ లేదు, నల్లా రెండు రోజులకోసారి, దేనికయ్యా పన్ను?" అదే మనిషి పొద్దున కిరాణాకొట్టులో సబ్బు కొన్నప్పుడు మాత్రం అందులో సర్కారు వాటా ఎంతని అడిగి ఉండడు.

ఇదివరకు ఇలా ఉండేది కాదు. నిజాం రాజ్యంలో జనానికి పన్నంటే ముందు గుర్తొచ్చేది భూమి శిస్తే. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి దాని వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉంది. ఖజానాకు ఒప్పుకున్నంత కట్టి, రైతు దగ్గర పిండుకున్నంత పిండుకునేవాళ్లు. సాలార్‌జంగ్ జీతమిచ్చే ఉద్యోగులను పెట్టి, 1865లో జిలాబందీతో జిల్లాలను ఏర్పరిచాడు. ఆ తర్వాత సర్వే వచ్చింది. నీటి పారకం ఉన్న తరి పొలానికి ఒక రేటు, వాన మీద నడిచే ఖుష్కి చెలకకు ఒక రేటు. కాగితం మీద చూస్తే న్యాయమే. కానీ ఇదంతా దివానీ, అంటే నేరుగా సర్కారు కింద ఉన్న భూములకే. రాజ్యంలో దాదాపు 30 శాతం జాగీర్ల కింద ఉండేది. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలకు వాటి వసూళ్లు వాటివే.

సర్వే జరిగిన ఊళ్లలోనూ లెక్క రాసేది పట్వారీ, వసూలు చేసేది మాలిపటేల్. ఎవరి చేను ఎంత, ఏ రకం అన్నది పహాణీలో వాళ్లు రాసిందే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ, అంటే సర్కారుకు తప్పనిసరిగా పెట్టాల్సిన ధాన్యం, వచ్చినప్పుడు దీని బండారం బయటపడింది. దొరలు తప్పించుకున్నారు, చిన్న రైతు గరిసె ఊడ్చి పెట్టాడు. అప్పటి నల్లగొండ జిల్లాలో రైతులు తిరగబడటానికి వెట్టి, భూమి గుంజుకోవడంతో పాటు ఈ లెవీ కూడా పెద్ద కారణం. పన్ను రేటు కంటే దాన్ని ఎవరి మీద ఎంత రాస్తున్నారన్నదే అసలు మంట.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. పోరాటం గురించి, భూముల గురించి ఎన్నో రాసుకున్నాం. ఆ మరుసటి ఏడు జరిగినదాన్ని మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. 1950లో హైదరాబాద్ రాష్ట్రం అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. పన్ను పొలం గట్టు దిగి కిరాణాకొట్టుకు చేరడం అక్కడ మొదలైందని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో కొత్త అమ్మకం పన్ను చట్టం, 2005లో వ్యాట్, 2017 జులై 1 నుంచి జీఎస్టీ. పేరు మారిన కొద్దీ అది ఇంకా లోతుకు దిగింది. 2022 జులైలో చిన్న ప్యాకెట్ బియ్యం, గోధుమపిండి మీద కూడా 5 శాతం పడింది.

ఇదే కాలంలో ఆస్తి వైపు ఒక్కొక్కటే ఎత్తేశారు. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయింది. వ్యవసాయ ఆదాయానికి ఇన్‌కమ్ ట్యాక్స్ ఎటూ లేదు. భూమి శిస్తు కూడా పోయాక పొలం మీద పేరుకు మిగిలింది నీటి తీరువా. 1990ల్లో పెంచాక కూడా పెద్ద ప్రాజెక్టు కింద వరికి ఎకరాకు 200 రూపాయలే ఉండేది. 2018లో రైతుబంధుతో లెక్క పూర్తిగా తిరగబడింది: భూమే సర్కారు దగ్గర తీసుకోవడం మొదలుపెట్టింది. ఎకరాకు పంటకు 4,000 చొప్పున రెండెకరాలకు 8,000, ఇరవై ఎకరాలకు 80,000. రైతుకు సాయం చేయొద్దని ఎవరంటారు? పరిమితి పెట్టకపోవడమే నాకు మింగుడుపడదు.

అలా జనం కంటికి కనబడే ఆస్తి పన్ను ఇంటి పన్నొక్కటే మిగిలింది. మున్సిపాలిటీల్లో దీన్ని కిరాయిని బట్టి లెక్కగడతారు. ఏ ఏరియా, ఏ రకం కట్టడం అని చూసి చదరపు మీటరుకు నెల కిరాయి ఇంతని అనుకుని, దాన్నుంచి ఏడాది కిరాయి విలువ తీస్తారు. పక్కన ఆంధ్రప్రదేశ్ 2021లో దీన్ని వదిలి ఆస్తి విలువ మీద వేయడానికి మారింది. ఇక్కడ తెలంగాణలో కిరాయి లెక్కే. ఊరు పెరిగినంత వేగంగా ఆ కిరాయి అంకె పెరగదు. పాత బజారు ఇంటికీ బైపాస్ పక్కన లేచిన కాంప్లెక్సుకూ మధ్య తేడా అక్కడే మాయమవుతుంది.

అయినా చిన్న ఇంటికి ఈ పన్ను నిజంగా భారమా? 2019 మున్సిపల్ చట్టంలో 75 గజాల్లోపు ఇంటికి ఏడాదికి 100 రూపాయలే. ఆ ఇంట్లో నెలకు 5 శాతం పన్నున్న సరుకులు 3,150 రూపాయలవి కొన్నారనుకుందాం. అందులో పన్ను 150. ఏడాదికి 1,800. నూరు రూపాయల కోసం కొట్లాడతాం, పద్దెనిమిది వందలు చప్పుడు లేకుండా పోతాయి. బీడీల సంగతి సరేసరి, 2026 జనవరి దాకా 28 శాతం.

పైగా సబ్బు పన్ను కూలీకీ కోటీశ్వరుడికీ ఒకటే. ఇంటి పన్ను కనీసం ఇంటిని చూసి పడుతుంది. అందుకే రెంటిలో ఇదే మేలంటాను. కానీ గోడలకు పన్నేస్తారు, గోడలు పైసలు పెట్టవు. 2,016 రూపాయల పింఛనుతో పెద్ద పెంకుటింట్లో ఒంటరిగా ఉండే అవ్వకు, ముందు రోడ్డు వెడల్పయిందంటే ఇంటి విలువ పెరుగుతుంది, పింఛను పెరగదు. పాలమూరు నుంచి ముంబై పోయిన కుటుంబం ఎనిమిది నెలలు తాళం వేసి వచ్చినా, అడిగి తగ్గించుకుంటే తప్ప నోటీసు పూర్తిగానే వస్తుంది. ఊరి చివర రేటు కోసం ఆపిన జాగా మాత్రం, సాగులో ఉందని చూపించినన్నాళ్లు, ఖాళీ జాగా పన్నుకు దొరకదు. నాలుగు కంది మొక్కలు చాలు.

ఈ మధ్య తెలిసినవాళ్ల డిమాండ్ నోటీసు చూశాను. రేకుల ఇల్లు స్లాబుగా, ముందున్న పందిరి గదిగా ఎక్కింది. కొలిచినవాళ్లు లోపలికి రాలేదట. ఆ 2019 చట్టం ప్రకారం కొలతలు యజమానే రాసివ్వొచ్చు, తప్పు రాస్తే 25 రెట్లు జరిమానా. ఆ ఇంటాయన టేపు పట్టుకుని మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ చివర్లో భయపడి ఒక అడుగు ఎక్కువే రాసుకున్నాడు.