ఒక షేరు ఇరవై అయితే వాటాదారుకు ఒరిగేదేమిటి?

అమెజాన్ 1997 మేలో షేరు 18 డాలర్ల చొప్పున పబ్లిక్ ఇష్యూకు వచ్చింది. 1998 జూన్‌లో ఒక షేరు రెండయింది, దీన్నే షేరు విభజన అంటారు. 1999 జనవరిలో ఒక్కోటి మూడయింది, అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ రెండేసి అయ్యాయి. తర్వాత 2022 జూన్ వరకూ విభజన ఊసే లేదు. అప్పుడు ఒకటికి ఇరవై చేశారు. ఇష్యూలో ఒక్క షేరు కొని కదపకుండా ఉంచినవారి ఖాతాలో ఇప్పుడు 240 ఉంటాయి. 18 డాలర్లను 240తో భాగిస్తారు కాబట్టే చార్టుల్లో ఇష్యూ ధర ఏడున్నర సెంట్లుగా కనిపిస్తుంది.

అలా ఉంచినవారికి లాభం వ్యాపారం పెరిగినందువల్ల వచ్చింది, విభజన వల్ల కాదు. 2022 జూన్ 3న 2,447 డాలర్ల దగ్గర ముగిసిన షేరును ఇరవైతో భాగిస్తే ఒక్కోటి 122.35. కంపెనీలో మన వంతు వీసమెత్తు మారదు.

మరి 1990ల్లో అంత తరచుగా ఎందుకు చేశారు? అప్పట్లో షేర్లను వంద చొప్పున కొనడమే వాడుక. షేరు 400 డాలర్లుంటే వందకు 40,000 కావాలి. ధర తగ్గితే చిన్న మదుపరి కూడా కొనగలడు. కానీ విభజన వార్తనే లాభంగా నమ్మినవారు దెబ్బతిన్నారు. 2000 ఫిబ్రవరిలో ఒకటిని రెండు చేసిన యాహూ షేరు 2001 సెప్టెంబరుకు పది డాలర్ల లోపుకు జారింది. ఆన్‌లైన్ ప్రయాణ బుకింగ్ కంపెనీ ప్రైస్‌లైన్ 2003లో ఆరు షేర్లను ఒకటిగా కలిపింది. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీ నాస్‌డాక్‌లో షేరు ధర వరుసగా 30 పనిదినాలు డాలరు కిందే ఉంటే, సరిదిద్దుకోకపోతే జాబితా నుంచి తొలగిస్తామంటూ నోటీసు వస్తుంది. చాలా కంపెనీలు ఇలా కలిపేది ఆ గండం తప్పించుకోవడానికే.

అసలు చూడాల్సింది గూగుల్ 2014 ఏప్రిల్‌లో చేసిన విభజన. ప్రతి షేరుకూ ఇంకొకటి ఇచ్చింది, కానీ ఆ కొత్త 'సి' షేరుకు ఓటు లేదు. 'ఎ' షేరుకు ఒక ఓటు, వ్యవస్థాపకుల చేతిలో ఎక్కువగా ఉన్న 'బి' షేరుకు పది. ఉద్యోగులకు, కంపెనీల కొనుగోళ్లకు 'సి' షేర్లు ఇస్తూ పోతే వ్యవస్థాపకుల పట్టు సడలదు. వాటాదారులు కోర్టుకెక్కారు. రాజీ ప్రకారం, తొలి ఏడాదిలో 'సి' ధర 'ఎ' కంటే నిర్ణీత శాతం తగ్గితే పరిహారం ఇవ్వాలి. 2015లో అది సుమారు 52.2 కోట్ల డాలర్లయింది. ఫేస్‌బుక్ కూడా 2016లో ఇలాంటి ప్రతిపాదనే తెచ్చింది, దావా విచారణకు రాబోతుండగా 2017 సెప్టెంబరులో విరమించుకుంది. కాబట్టి ప్రకటన రాగానే నిష్పత్తి కంటే ముందు, కొత్త షేరుకు ఓటుందో లేదో చదవాలి.

తేదీల దగ్గరా తికమక ఉంటుంది. 2022 విభజనలో అమెజాన్ రికార్డ్ తేదీ (కొత్త షేర్లు ఎవరికన్నది లెక్క తీసే రోజు) మే 27, కొత్త షేర్లు జమైంది జూన్ 3, కొత్త ధరతో ట్రేడింగ్ మొదలైంది 6న. నడుమ పాత ధరకు అమ్మినవారి కొత్త షేర్ల హక్కు కొన్నవారికే వెళ్తుంది. ధర మారినా షేర్లు జమ కాకపోతే ఖాతాలో 95 శాతం నష్టం కనిపిస్తుంది, కంగారుపడి అమ్మకూడదు. ముందే పెట్టిన లిమిట్ ఆర్డర్లను (ఫలానా ధరకే కొనాలి లేదా అమ్మాలి అని ఇచ్చినవి) బ్రోకరు రద్దు చేశాడా, సవరించాడా అన్నది ఆ రోజే చూసుకోవాలి.

అమెరికాలో మామూలు విభజనకు పన్ను లేదు, పాత కొనుగోలు ధర కొత్త షేర్లకు సమంగా పంచబడుతుంది. వేర్వేరు ధరలకు కొన్నవాటిని కలిపి సగటు తీయకుండా, ఏ కొనుగోలుకు ఆ కొనుగోలునే భాగించాలి. యాహూ 1997లో చేసినట్టు రెండుకు మూడు ఇస్తే, బేసి సంఖ్యలో షేర్లున్నవారికి అర షేరు మిగులుతుంది. సాధారణంగా దానికి నగదు ఇస్తారు, ఆ నగదును మాత్రం అమ్మకంగానే లెక్కిస్తారు.