ఏడుగురు భార్యలా? ఒక్కరే కనిపిస్తున్నారే!

1844 మే 26న, మిసిసిపీ నది ఒడ్డున ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణంలో జోసెఫ్ స్మిత్ జనం ముందు నిలబడ్డాడు. నాకు ఏడుగురు భార్యలున్నారని నింద వేస్తున్నారు, నాకేమో ఒక్కరే కనిపిస్తున్నారు అన్నాడు. మోర్మన్ చర్చిని స్థాపించిన ఈ ప్రవక్తకు అప్పటికి 30 నుంచి 40 మంది భార్యలు ఉండి ఉంటారని నేటి చరిత్రకారుల లెక్క. ఆ చర్చే ఇప్పుడు ఆ లెక్కను ఒప్పుకుంటోంది. ఆ ప్రసంగం జరిగిన నెలకు ఆయన హత్యకు గురయ్యాడు.

మోర్మన్ల బహుభార్యాత్వం అనగానే చాలామందికి స్మిత్ తర్వాత చర్చిని నడిపిన బ్రిగమ్ యంగ్, యూటాలోని పెద్దపెద్ద సంసారాలు గుర్తొస్తాయి. నన్నడిగితే అసలు పీటముడి అంతకుముందే, అంతా గుట్టుగా నడిచిన ఏళ్లలో పడింది.

1830లో అచ్చయిన ఆ చర్చి పవిత్ర గ్రంథం బుక్ ఆఫ్ మోర్మన్, బైబిల్ రాజులు దావీదు, సొలొమోను అంతమంది భార్యలను చేసుకోవడం తప్పంటుంది. దేవుడే ఆజ్ఞాపిస్తే వేరే సంగతని అర్థం చెప్పుకోదగిన వాక్యం కూడా అందులోనే ఉంది. 1830ల మధ్యలో ఒహాయోలోని కిర్ట్‌లాండ్‌లో, స్మిత్ ఇంట్లో పనిచేసే ఫానీ ఆల్గర్ అనే యువతితో ఆయన వ్యవహారం గుప్పుమంది. రహస్యంగా పెళ్లాడాడని కొందరు, వట్టి అక్రమ సంబంధమని కొందరు. మొదటి నుంచీ కుడిభుజంగా ఉన్న ఆలివర్ కౌడరీ అదంతా రోత అని ఒక ఉత్తరంలో రాశాడు. 1838లో ఆయన్ని వెలివేసినప్పుడు మోపిన నేరాల్లో ప్రవక్తకు వ్యభిచారం అంటగట్టాడన్నది ఒకటి.

నావూలో తొలి పెళ్లి 1841 ఏప్రిల్‌లో లూయిసా బీమన్‌తో జరిగిందంటారు. అబ్రహాము, యాకోబుల కాలం నాటి ఆచారాన్ని దేవుడు మళ్లీ పెట్టమన్నాడని స్మిత్ నమ్మకస్తులకు చెప్పేవాడు. మరణం తర్వాత కూడా తెగని బంధంగా జరిపే ఈ క్రతువును వాళ్లు ‘సీలింగ్’ అంటారు. అలా ఆయనతో సీలింగ్ జరిగిన హెలెన్ మార్ కింబల్‌కు 14 ఏళ్లు. ఆమెకు ఆ మాట చెప్పి ఒప్పించింది కన్నతండ్రే. అప్పటికే భర్తలున్న స్త్రీలు పదిమందికి పైగా ఈ జాబితాలో ఉన్నారు. అవి పరలోకానికి మాత్రమే చెల్లే సంబంధాలని చర్చి వైపు వాదన. కొన్నింటి విషయంలో నిజమే కావచ్చు, అన్నింటికీ ఆ మాట సరిపోతుందని నేననుకోను.

మొదటి భార్య ఎమ్మా సంగతి మరీ విచిత్రం. ఆమె ఇంట్లోనే ఉంటున్న పార్ట్రిడ్జ్ అక్కాచెల్లెళ్లు ఎలైజా, ఎమిలీలను 1843 మార్చిలో స్మిత్ ఆమెకు తెలియకుండా పెళ్లాడాడు. రెండు నెలలకు ఎమ్మా ఎలాగో మనసు రాయి చేసుకుని, తానే ఎంచిన అమ్మాయిలైతే సరేనంది. ఎంచింది ఆ ఇద్దరినే! జరిగిపోయిన పెళ్లి సంగతి చెప్పలేక ఆమె ఎదుట మళ్లీ తంతు జరిపించారు. ఇదంతా తర్వాత ఎమిలీ స్వయంగా చెప్పింది. ఎమ్మా ఆ సవతులను ఎంతోకాలం భరించలేదు, ఇంట్లోంచి పంపేసింది.

జులై 12న స్మిత్ ఈ ఆచారాన్ని దైవవాక్కుగా చెప్పి రాయించాడు. అందులో ఎమ్మాను పేరు పెట్టి మరీ, ఒప్పుకోకపోతే నాశనమవుతావన్న హెచ్చరిక ఉంది. ఆ కాగితం పట్టుకెళ్లి ఎమ్మాకు నచ్చజెప్పబోయిన స్మిత్ అన్న హైరమ్, మరదలి చేత చీవాట్లు తిని తిరిగొచ్చాడు.

గుట్టు రట్టు చేసింది బయటివాళ్లు కాదు. స్మిత్‌కు ఒకప్పటి సలహాదారు విలియం లా, మరికొందరు కలిసి 1844 జూన్ 7న నావూ ఎక్స్‌పోజిటర్ అనే పత్రిక తెచ్చారు. వచ్చింది ఒక్క సంచికే. మేయర్ కూడా స్మిత్ కావడంతో మూడు రోజులకే నగర మండలి ఆదేశంతో ప్రెస్సును ధ్వంసం చేశారు. ఆ గొడవే చివరికి ఆయన్ని కార్తేజ్ జైలుకు చేర్చింది. జూన్ 27న అల్లరిమూక జైలు మీద పడి అన్నదమ్ములిద్దరినీ చంపేసింది.

బ్రిగమ్ యంగ్ వెంట యూటా చేరినవాళ్లు 1852 ఆగస్టులో బహుభార్యాత్వాన్ని బాహాటంగా ప్రకటించారు. వెళ్లకుండా ఆగిపోయిన ఎమ్మా, తన భర్తకు తాను తప్ప వేరే భార్య లేదని 1879లో చివరిసారిగా కొడుకులకు చెప్పింది. పెద్దకొడుకు నడిపిన వేరు చర్చి ఆ మాట మీదే నిలబడింది. దాంతో కథ అడ్డం తిరిగింది. ప్రవక్త నిజంగానే అంతమందిని పెళ్లాడాడని రుజువు చేయాల్సిన పని యూటా చర్చి నెత్తిన పడింది! 1869 నుంచి ముసలివాళ్లవుతున్న ఆ భార్యల చేత ప్రమాణపత్రాలు రాయించింది. 1892లో ఒక స్థలం దావాలో వాళ్లలో కొందరు సాక్ష్యం కూడా చెప్పారు. స్మిత్ సంతానమని అనుమానించిన వాళ్ల వారసులకు ఈమధ్య డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే ఇంతవరకూ ఒక్కటీ తేలలేదు.

తర్వాతిది ప్రభుత్వంతో పోరు. 1879లో, ఇద్దరిని పెళ్లాడినందుకు శిక్షపడిన రేనాల్డ్స్ అనే మోర్మన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు నమ్మకం వేరు, ఆచరణ వేరు అంటూ, భర్త చితి మీద కాలిపోవడం ధర్మమని భార్య నమ్మితే ఆపకూడదా అని అడిగింది. మన సతీసహగమనం అలా అక్కడి తీర్పులోకి వెళ్లింది. అదే తర్కం, మోర్మన్ల మీదే వచ్చిన మరో తీర్పు ద్వారా, 1951లో హిందువుల బహుభార్యాత్వ నిషేధాన్ని సమర్థించిన బొంబాయి హైకోర్టు దాకా వచ్చింది. 1887 నాటి అమెరికా చట్టం చర్చి ఆస్తులకు ఎసరు పెట్టింది, యూటా స్త్రీలకు 1870 నుంచీ ఉన్న ఓటు హక్కునూ లాక్కుంది. 1890లో చర్చి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ ఉడ్రఫ్ ఇక ఇలాంటి పెళ్లిళ్లు వద్దని ప్రకటించాడు. ఆరేళ్లకు యూటా రాష్ట్రమైంది. అయినా చాటుగా కొన్ని జరుగుతూనే ఉండటంతో 1904లో రెండోసారి ప్రకటించాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండో భార్యను చేసుకున్నవాళ్లను ఆ చర్చి వెలివేస్తుంది. 1843 నాటి వాక్కు మాత్రం 132వ అధ్యాయంగా వాళ్ల మరో పవిత్ర గ్రంథంలో అలాగే ఉంది. భార్య పోయిన భర్త మళ్లీ పెళ్లాడితే, ఆలయంలో ఇద్దరితోనూ శాశ్వత బంధం ఉంటుంది. భర్త పోయిన భార్యకు బతికుండగా రెండో సీలింగ్ కావాలంటే మొదటిది రద్దు చేయించుకోవాలి.