పత్తి చేను దాకా వచ్చిన షరతు

వరంగల్ చుట్టుపక్కల మందులు, నీళ్లు తక్కువ వాడి పత్తి పండించాలనే ‘బెటర్ కాటన్’ పథకం కింద పేరు రాయించుకున్న రైతు ఇంటికి పోతే పట్టాదారు పాస్‌బుక్కుతో పాటు ఇంకో పుస్తకం కనిపిస్తుంది. ఏ తారీఖున ఏ మందు కొట్టారు, ఎకరానికి ఎంత యూరియా వేశారు, ఎన్ని తడులు పెట్టారు, అన్నీ అందులో ఎక్కించాలి. పెద్దలకు చదువు రాకపోతే ఆ పని బడికి పోయే బిడ్డ మీద పడుతుంది. ఈ లెక్కలు చివరకు చేరేది ఎక్కడో యూరప్‌లో చొక్కాలు, దుప్పట్లు అమ్మే కంపెనీలకు. మన చేను గురించి వాళ్లకు పట్టింపు ఎందుకొచ్చింది?

దెబ్బ తగిలాకే వచ్చింది. 1994లో జర్మనీ బట్టల అద్దకంలో వాడే, క్యాన్సర్ కారకమైన కొన్ని అజో రంగులను నిషేధించింది. దాంతో వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల లాంటి సరుకును అక్కడికి పంపాలంటే అద్దకం తొట్టిలో ఏముందో చెప్పాల్సి వచ్చింది. 2001 డిసెంబర్‌లో, సరిగ్గా క్రిస్మస్ అమ్మకాల వేళ, నెదర్లాండ్స్ అధికారులు సుమారు 13 లక్షల సోనీ ప్లేస్టేషన్లను ఆపేశారు. వాటి తీగల్లో కాడ్మియం అనే విషలోహం హద్దు దాటింది. ఆ తీగలు చేసింది సరఫరాదారు, నష్టపోయింది సోనీ. సరుకు ఎవరు చేసినా పేరు పోయేది తమదేనని పెద్ద కంపెనీలకు అప్పుడు బాగా అర్థమైంది.

పత్తిలో ఆ దెబ్బ ముందుగా తగిలింది కంపెనీలకు కాదు, మనకు. 1997-98లో లద్దె పురుగు, పచ్చ పురుగు చేలను ఊడ్చేశాయి. అప్పు తెచ్చి మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. వరంగల్ జిల్లాలో రైతులు అదే పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాదిని ఈ జిల్లా ఇంకా మర్చిపోలేదు. వేప కషాయం, పురుగును తమ వైపు లాక్కునే ఎర పంటలు, మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలతో రసాయనాలు మానుకున్న జనగామ దగ్గరి ఏనెబావి లాంటి ఊళ్లు ఆ దుఃఖంలోంచే దారి వెతుక్కున్నాయి. వాళ్లను ఏ కంపెనీ అడగలేదు. ఈ చరిత్ర రాసేటప్పుడు ముందు చెప్పాల్సింది వాళ్ల గురించేనని నా అభిప్రాయం.

కంపెనీలు తర్వాత కదిలాయి. 2005లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పర్యావరణ సంస్థ పిలిచిన సమావేశాల్లో ఐకియా, హెచ్ అండ్ ఎం, అడిడాస్ కూర్చున్నాయి. 2009 నాటికి బెటర్ కాటన్ సంస్థ ఏర్పడింది. 2011లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ చైనా నదుల్లోకి చేరుతున్న అద్దకం విషాలను పెద్ద బ్రాండ్ల పేర్లతో సహా బయటపెట్టడంతో ఆ విషాలను మానేస్తామని ప్యూమా, నైకీ, అడిడాస్ మాట ఇవ్వక తప్పలేదు. అదే ఏడాది జనవరిలో మద్రాస్ హైకోర్టు తమిళనాడులోని బట్టల ఊరు తిరుప్పూర్‌లో అద్దకం యూనిట్లను మూయించింది. మురుగు చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకుంటేనే మళ్లీ తెరవాలంది.

ఇప్పుడు చట్టం కూడా తోడైంది. ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలు దాన్ని తిరిగి సేకరించే బాధ్యత మోయాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ లెక్కలు బయటపెట్టాలని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఆదేశించింది. 2002లో మూతపడ్డ ఆజంజాహి బట్టల మిల్లు ఉన్న వరంగల్‌కు దగ్గర్లోనే, గీసుకొండ, సంగెం మండలాల్లో వచ్చిన కాకతీయ టెక్స్‌టైల్ పార్కులో, వాడి పారేసిన సీసాలను కరిగించి దారానికి పనికొచ్చే సరుకు చేసే గణేశ ఫ్యాక్టరీ 2022లో మొదలైంది. చెత్త సీసాకు గిరాకీ వచ్చిందంటే కారణం ఈ ఒత్తిళ్లే.

అయితే షరతు కిందికి దిగినంత వేగంగా డబ్బు దిగదు. సేంద్రియ పత్తికి, ఫెయిర్‌ట్రేడ్ పత్తికి కొంత అదనపు ధర ఉంది. బెటర్ కాటన్ మాత్రం ఎక్కువ ధరకు హామీ ఇవ్వదు. మందుల ఖర్చు తగ్గడమే రైతుకు మిగిలే లాభం. అది చిన్నదేం కాదు, కానీ పుస్తకం రాసే శ్రమకు, తనిఖీలకు సమాధానం చెప్పే శ్రమకు కూలి ఎవరిస్తారు? పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తిలోకి తేమ మిషన్ గుచ్చుతారు. 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే వెనక్కి పంపుతారు. పింజ పొడవు చూస్తారు. ఆ పుస్తకం తెరిచి చూసేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.