పైకి లాగే గాలిలో కిందికి దిగే లెక్క

పారాగ్లైడర్‌కు ఇంజను ఉండదు. ఇంజను లేనిది ఎలాగూ కిందికే దిగుతుంది కదా, దిగడానికి ప్రత్యేకంగా విద్యలెందుకు అనిపిస్తుంది. నిశ్చలమైన గాలిలో ఆ మాట నిజమే. గంటకు సుమారు 38 కిలోమీటర్ల వేగంతో ముందుకు సాగుతూ, సెకనుకు ఒక మీటరు చొప్పున ఎత్తు కోల్పోతూ అది నెమ్మదిగా నేల చేరుతుంది. అయితే ఆకాశంలో గాలి నిశ్చలంగా ఉండటం అరుదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్-బిల్లింగ్‌నే తీసుకుందాం. సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న బిల్లింగ్ నుంచి బయలుదేరినవారు నేరుగా బీర్‌లో దిగాలంటే కొద్ది నిమిషాలు చాలు. కానీ ఎండకు వేడెక్కిన కొండవాలు నుంచి పైకి లేచే గాలిని, అంటే థర్మల్‌ను పట్టుకుంటే గంటల తరబడి పైనే ఉండవచ్చు. మన ఊళ్ళలో గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ పైకి పోయేది ఈ గాలి మీదే. గాలి సెకనుకు మూడు మీటర్లు లేస్తుంటే, అందులో ఒక మీటరు దిగే పారాగ్లైడర్ నికరంగా రెండు మీటర్లు పైకి పోతుంది. ఈ తీసివేతే పారాగ్లైడింగ్‌లోని ఆనందం. ఆపద కూడా దీనిలోనే ఉంది.

పైకి లేచిన గాలిలోని తేమ చల్లబడి మబ్బుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడితో గాలి మరింత తేలికై ఇంకా పైకి లేస్తుంది. మామూలు తెల్లమబ్బు ఉరుముల మబ్బుగా ఎదిగేది ఇలాగే. అటువంటి మబ్బు కింద గాలి పైకి పీలుస్తుంది. అప్పుడు పైలట్‌కు కావలసింది ఒక్కటే, ఆ గాలి కన్నా వేగంగా దిగగలగడం.

విమానంలా ముక్కు కిందికి వంచి దూకవచ్చు కదా? అది కుదరదు. పైలట్ రెక్కకు కొన్ని మీటర్ల దిగువన, వరుసలుగా కట్టిన తాళ్ళకు లోలకంలా వేలాడుతుంటాడు. ఆ బరువు రెక్కను దాదాపు ఒకే కోణంలో పట్టి ఉంచుతుంది. పైగా అది గట్టి రెక్క కాదు, ముందు అంచులోని రంధ్రాల ద్వారా చేరిన గాలితో ఉబ్బి నిలిచే గుడ్డ. ముందు భాగాన్ని మరీ వంచితే మడతపడిపోతుంది. అందుకే ఇక్కడ దిగడమంటే, ఎగరడానికి ఎంతో చక్కగా మలచిన రెక్కను కొలత ప్రకారం చెడగొట్టడం.

అన్నిటికన్నా సౌమ్యమైన పద్ధతి ‘బిగ్ ఇయర్స్’. ముందు వరుసలో రెండు చివర్ల ఉన్న తాళ్ళను లాగితే రెక్క కొసలు లోపలికి మడిచుకుని పెద్ద చెవుల్లా వేలాడతాయి. వైశాల్యం తగ్గుతుంది, వేలాడే గుడ్డ గాలికి అడ్డుపడుతుంది, దిగే వేగం సెకనుకు మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. అయితే దీనివల్ల రెక్క గాలిని మరింత నిటారు కోణంలో ఎదుర్కొంటుంది, స్తంభించే స్థితికి, అంటే దాని మీది గాలి ప్రవాహం తెగి ఎగరడం ఆగిపోయే స్థితికి దగ్గరవుతుంది. అందుకే చెవులు మడిచాక కాలితో స్పీడ్ బార్ నొక్కి ఆ కోణాన్ని తగ్గిస్తారు. బ్రేకులు, అంటే రెక్క వెనుక అంచును కిందికి వంచే తాళ్ళు లాగరు, ఒంటిని పక్కకు వాల్చి దిశ మారుస్తారు. నా దృష్టిలో ప్రతి పైలట్‌కూ చేతికి అలవాటు కావలసిన మొదటి విద్య ఇదే. రెక్క ఇంకా ఎగురుతూనే ఉంటుంది, ముందుకు కదులుతూనే ఉంటుంది, కాబట్టి ప్రమాదకరమైన మబ్బు నుంచి దూరం కూడా జరగవచ్చు.

రెండో వరుస తాళ్ళను కిందికి లాగి, రెక్క మీది గాలి ప్రవాహాన్నే తెంచేసే ‘బి-స్టాల్’ అనే పద్ధతి ఒకటుంది. సెకనుకు ఆరేడు మీటర్లు దింపుతుంది కానీ ముందుకు సాగనివ్వదు. తాళ్ళ వరుసలు తగ్గించిన నేటి రెక్కల్లో చాలావాటికి ఇది పనికిరాదు.

అన్నిటికన్నా వేగవంతమైనది ‘స్పైరల్’. ఒక వైపు ఒరిగి, ఆ వైపు బ్రేకును క్రమంగా లాగుతూ పోతే మలుపు బిగుసుకుని, రెక్క ముక్కు నేల వైపు తిరుగుతుంది. సెకనుకు 15 మీటర్లు దిగవచ్చు, అంటే 600 మీటర్లకు 40 సెకన్లు. కానీ దీనికి శరీరం మూల్యం చెల్లిస్తుంది. మలుపులో ఒంటి మీద పడే బలం మామూలు బరువుకు మూడు రెట్లకు చేరితే 80 కిలోల మనిషి 240 కిలోలు తూగుతాడు. తల నుంచి రక్తం కిందికి జారి చూపు మసకబారుతుంది, స్పృహ తప్పే ప్రమాదమూ ఉంది. కొన్ని రెక్కలు బ్రేకు వదిలేసినా తమంతట తాము తిరుగుతూనే ఉంటాయి. ఒంటిని బయటి వైపుకు వాల్చి, బయటి బ్రేకును వాడి పైలటే వాటిని బయటికి తేవాలి. ఆ పని కూడా తొందరపడి చేయకూడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అదనంగా ఉన్న శక్తి, రెక్కను దాదాపు 20 మీటర్లు పైకి విసరగలదు. ఆ వేగాన్ని రెండు మూడు చుట్లలో కొద్దికొద్దిగా ఖర్చు చేయాలి. సరస్సు మీద, కింద పడవ సిద్ధంగా ఉంచుకుని, శిక్షకుడు రేడియోలో చెబుతుండగా దీన్ని నేర్పడం అందుకే.

ఇన్ని విద్యలున్నా తీసివేతలో ఓడిపోయే రోజు ఒకటుంది. 2007 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలోని మనిల్లా దగ్గర జర్మనీ జట్టు పైలట్ ఎవా విష్నియెర్‌స్కాను ఉరుముల మబ్బు తనలోకి లాక్కుంది. గాలి సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో ఆమెను 9,946 మీటర్ల ఎత్తుకు చేర్చింది. ఎవరెస్టు కన్నా వెయ్యి మీటర్లు ఎక్కువ. ప్రాణవాయువు చాలక అరగంటకు పైగా స్పృహ కోల్పోయిన ఆమె, ఒళ్ళంతా మంచు పేరుకున్న స్థితిలో తేరుకుని, బయలుదేరిన చోటికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ప్రాణాలతో దిగింది. అదే మబ్బులో చిక్కుకున్న చైనా పైలట్ హీ ఝోంగ్‌పిన్ బతకలేదు.

20 నుంచి స్పైరల్ ఇచ్చే 15 తీసివేసినా, ఇంకా సెకనుకు ఐదు మీటర్లు పైకే. అందువల్ల అనుభవజ్ఞులు దిగే పద్ధతి కన్నా ముందు దిగే సమయాన్ని ఎంచుకుంటారు. మబ్బు వెడల్పు కన్నా ఎత్తు పెరుగుతోందా, అడుగు నల్లబడుతోందా, ఎటు తిరిగినా వేరియోమీటర్ (పైకి పోతున్నామో కిందికి దిగుతున్నామో శబ్దంతో చెప్పే పరికరం) పైకి పోతున్నట్టే మోగుతోందా అని గమనిస్తారు. అనుమానం రాగానే మబ్బు నడిమిని వదిలి అంచు వైపు, గాలి కిందికి దిగే చోటు వైపు సాగుతారు. గాలి ఇంకా సెకనుకు ఒక మీటరు మాత్రమే లేస్తున్నప్పుడు చెవులు మడిస్తే, మూడులో ఒకటి పోగా రెండు మిగులుతుంది. ఐదు నిమిషాల్లో 600 మీటర్లు దిగవచ్చు, తల తిరగకుండా, దిగే పొలాన్ని తీరిగ్గా చూసుకుంటూ.