కృపచేత రక్షణ: ఇళ్ల దగ్గర నేను వినే అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లాలో లూథరన్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖ) పాస్టర్‌ని. లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఇక్కడివాళ్లు 'కృపచేతనే రక్షణ', అంటే మన మంచి పనుల వల్ల కాదు, దేవుడు ఉచితంగా చూపే దయ వల్లే పాపం నుంచి విడుదల అన్న మాట వింటూనే ఉన్నారు. అయినా ఇళ్లకు వెళ్తే నాకు వినపడే మాటలు వేరు.

అపోహ: ముందు బాగుపడాలి, ఆ తర్వాతే గుడికి రావాలి.

మా గుడి బయట వేపచెట్టు కింద ఒక బెంచీ ఉంది. ఒక తాత ప్రతి ఆదివారం అక్కడే కూర్చుని ప్రసంగం మొత్తం వింటాడు. లోపలికి రమ్మంటే, "చుట్ట మానేశాక వస్తాలే అయ్యగారూ" అంటాడు. మూడేళ్లుగా ఇదే మాట.

వాస్తవం: బైబిల్లో ఫిలిప్పీ పట్టణపు చెరసాల నాయకుణ్ణి చూడండి (అపొస్తలుల కార్యములు 16). భూకంపానికి తలుపులన్నీ తెరుచుకుంటే, ఖైదీలు పారిపోయారనుకుని కత్తి దూసి చచ్చిపోబోయాడు. రక్షణ పొందాలంటే ఏం చేయాలని అడిగితే, అక్కడే ఖైదీలుగా ఉన్న పౌలు, సీల చెప్పింది ఒక్కటే: "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము." ఆరు నెలలు బుద్ధిగా ఉండి రమ్మనలేదు. ఆ రాత్రే బాప్తిస్మం పొందాడు. అంతకుముందు వాళ్ల కాళ్లకు బొండ వేసి బిగించిన మనిషే, ఇప్పుడు వాళ్ల గాయాలు కడిగాడు. కడిగితేనే రక్షణ అని మాత్రం ఎవరూ షరతు పెట్టలేదు.

అపోహ: సువార్త కూటంలో బోధకుడు పిలిచినప్పుడు చేయెత్తి, ప్రార్థన వెంట చెబితే పని అయిపోయినట్టే.

డిగ్రీ చదివే ఒక అబ్బాయి నాలుగు కూటాల్లో నాలుగుసార్లు చేయెత్తాడు. "ఈసారైనా సరిగ్గా నమ్మానో లేదోనని టెన్షన్‌గా ఉంది అయ్యగారూ" అన్నాడు. తప్పు వాడిది కాదు, మాది. విశ్వాసాన్ని కూడా పాస్ మార్కులు తెచ్చుకోవాల్సిన పరీక్షలా చేసి పెట్టాం.

వాస్తవం: రేపల్లె బస్సులో ఒకడు హాయిగా నిద్రపోతాడు, ఇంకొకడు దారంతా సీటు గట్టిగా పట్టుకుని భయపడుతూ కూర్చుంటాడు. ఇద్దర్నీ ఊరు చేర్చేది డ్రైవరే. మనల్ని రక్షించేదీ యేసే, మన పట్టు ఎంత గట్టిదన్నది కాదు. ఆ అబ్బాయికి ఇదే చెప్పాను.

అపోహ: కృప ఉంది కదా, ఏం చేసినా పర్లేదు.

వాస్తవం: ఈ ప్రశ్న పౌలుకే ఎదురైంది; కృప ఉందని పాపంలోనే ఉండిపోకూడదని రోమా పత్రిక 6వ అధ్యాయంలో జవాబిచ్చాడు. సండే స్కూల్లో మేము ఎఫెసీ 2:8, 9 (రక్షణ కృపచేతనే, క్రియల వల్ల కాదు అనే వచనాలు) బట్టీ పట్టించి అక్కడే ఆపేస్తాం. సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడన్న పదో వచనం పిల్లలకు చేరదు.

ఇక దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) ఇస్తే పరలోకంలో సీటు ఖాయం అనేవాళ్లకు, యేసు పక్కన సిలువ మీద ఉండి పరదైసు మాట పొందిన దొంగ చాలు. వాడు ఏ కానుకా వేయలేదు.

అపోహ: కేథలిక్కులు కృపను నమ్మరు.

పెళ్లి సంబంధాల దగ్గర ఇది తప్పకుండా వస్తుంది.

వాస్తవం: 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కేథలిక్ పక్షాలు రెండూ దీని మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. తేడాలన్నీ పోలేదు గానీ, రక్షణకు మూలం కృపేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

తాత చుట్ట ఇంకా మానలేదు. మొన్న ఆదివారం మాత్రం దాన్ని ఆర్పి, గుమ్మం పక్క ఇటుక మీద పెట్టి లోపలికొచ్చి, చివరి చాప మీద కూర్చున్నాడు.